చదవని ఒక్క లైను

మా అత్త అప్పలనర్సమ్మకి నొప్పి పట్టీ వేయడం మొదలుపెట్టింది కార్తీక మాసం చివర్లో. చెరకు కోతలు అప్పుడే అందుకున్నాయి. మా ఊరు అనకాపల్లి నుంచి కె. కోటపాడు పోయే దారిలో ఉంటుంది. ఆ రోజుల్లో ఆ దారి పొడుగునా చెరకు ట్రాక్టర్లే, గాలి ఎటు తిరిగినా పెనం మీద ఉడుకుతున్న పానకం వాసనే. ఎన్నడూ ఆ వాసనకి ఇంట్లో నిలవని మనిషి, ఆ ఏడు గోడ వైపు తిరిగి పడుకుంది.

రెండేళ్ళ కిందట విశాఖలో ఆమెకి రొమ్ము తీసేశారు. తగ్గిందనే అనుకున్నాం. ఆ ఏడు వానల్లో నడుం నొప్పంది, తరువాత తుంటి అంది. స్కానింగు ఫోటోలు తీసి, క్యాన్సర్ వెన్నుకి పాకిందన్నారు. నొప్పికి మాత్రలిచ్చారు గానీ మాత్ర వేసుకున్న గంటకల్లా వాంతి అయిపోయేది. నొప్పి వస్తే మా అత్త అరిచేది కాదు. మంచం పట్టె పట్టుకుని, పళ్ళు బిగించి, చూపు ఒకే చోట నిలిపి ఉండేది. అరిస్తేనే బాగుండుననిపించేది నాకు.

నేను ఎలమంచిలి పిల్లని. మా నాన్నకి అక్కడ బజార్లో విత్తనాల కొట్టు. బియస్సీ చదివి, పెళ్ళయ్యాక పరవాడలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్లో చేరాను. నాది పొద్దుటి షిఫ్టు. ఐదింటికి రోడ్డు మీద కంపెనీ బస్సు ఎక్కితే మళ్ళీ మూడు దాటాకే దిగడం. మా ఆయన త్రినాధరావు, నేను బావా అని పిలుస్తాను, పరవాడలోనే వేరే కంపెనీలో బాయిలర్ దగ్గర చేస్తాడు. ఆయనది రెండో షిఫ్టు. నేను ఇల్లు చేరేసరికి ఆయన ఉండడు, ఆయన చేరేసరికి నేను నిద్రలో ఉంటాను. ఆదివారం ఒక్కరోజే ఒకరి మొహం ఒకరం చూసుకునేది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, జరిగినదంతా ఆ సందులోంచే జరిగింది.

క్యాన్సర్ నొప్పులున్నవాళ్ళని ఇళ్ళకి వచ్చి చూసే నర్సు ఒకామె ఉండేది, అక్సా అని. స్కూటీ మీద తిరిగేది. మొదటి పట్టీ ఆమే తెచ్చింది. అగ్గిపెట్టె కంటే చిన్నది, పల్చగా, ప్లాస్టిక్ కాగితంలా ఉంది.

"ఇదేటే, ఇంతే ఉంది! ఇది నా నొప్పికి సాల్తాదా?" అంది అత్త.

"చిన్నదే గానీ చాలా గట్టి మందమ్మా," అంది అక్సా. "చర్మంలోంచి కొంచెం కొంచెంగా మూడు రోజుల పాటు ఒంట్లోకి దిగుతుంది. మూడో రోజు తీసేసి ఇంకో చోట కొత్తది వేయాలి. మాత్ర మింగే పని లేదు, వాంతులుండవు."

వీపు మీద ఎక్కడ వేయాలో, ఎలా ఒత్తాలో నాకు చూపించింది. సబ్బు వాడకు, మామూలు నీళ్ళతో తుడువు చాలు అంది. పిలిస్తే పలకనంత మత్తుగా ఉన్నా, ఊపిరి నిమిషానికి ఎనిమిది కంటే తగ్గినా ముందు పట్టీ పీకేసి తరువాత తనకి ఫోన్ చెయ్యమంది. పట్టీకి వేడి తగలకూడదని రెండుసార్లు చెప్పింది. అంతలో ఆమె ఫోన్ మోగింది. ఇంకో ఊళ్ళో ఎవరికో ఎక్కువగా ఉందట.

"పెట్టెలో కాగితం ఉంది, ఇంగ్లీషులో. నువ్వు చదువుకున్నదానివి కదా ధనశ్రీ, తీరిగ్గా చదివి అమ్మకి అర్థమయ్యేలా చెప్పు," అని హెల్మెట్ పెట్టుకుంది.

ఆ సాయంత్రం అత్త మంచం పక్కన కూర్చుని కాగితం విప్పాను. చీమల బారులాంటి అక్షరాలు.

"వేడినీళ్ళ కాపడం పెట్టుకోకూడదట అత్తా."

"పెట్టుకోనులే."

"ఎండలో ఎక్కువసేపు ఉండకూడదట. పొయ్యి దగ్గర కూర్చోకూడదు."

"అయితే గానుగ కాడికి ఎల్లకూడదన్నమాట."

"అస్సలు వెళ్ళకూడదు. జ్వరమొస్తే వెంటనే చెప్పాలట."

"సెప్తాను. ఇంకేటి రాసేరు?"

ఆ తరువాతి లైనులో కఠినమైన ఎక్సర్‌సైజు చేయకూడదని ఉంది. ఆ మాట చదవగానే నాకు అనకాపల్లి స్టేడియంలో పొద్దున్నే బూట్లు తొడుక్కుని పరిగెత్తే జనం కళ్ళ ముందుకొచ్చారు. ఇక్కడ మంచం దిగడానికి గోడ పట్టుకునే మా అత్త. ఎక్సర్‌సైజు! కొంచెం నవ్వు కూడా వచ్చింది. ఆ లైను దాటేసి కిందికి వెళ్ళాను.

"ఏటే, నీలో నువ్వే నవ్వుతన్నావు?"

"ఏం లేదత్తా. మనకి సంబంధించింది కాదు," అన్నాను.

మొదటి రోజు తేడా ఏమీ తెలియలేదు. మర్నాడు డ్యూటీ నుంచి వచ్చేసరికి అత్త నిద్రపోతోంది. వెల్లకిలా, రెండు చేతులూ పక్కన వదిలేసి. ఆ రెండు నెలల్లో ఆమె పిడికిళ్ళు విప్పి ఉండడం నేను చూడలేదు. టిఫిన్ క్యారేజీతో గుమ్మంలో అలాగే నిలబడిపోయాను.

మూడో పట్టీకి వంటింట్లోకి వచ్చి నా ముందు నుంచి కత్తిపీట లాక్కుంది. ఐదో పట్టీకి పెరట్లో తోటకూర విత్తింది. నేనూ బావా ఆదివారం నాడు ఆమె వెనకాలే తిరిగి చూసుకున్నాం, కొత్తగా నడక నేర్చిన పిల్లని చూసుకున్నట్టు.

పెళ్ళయిన ఆరేళ్ళలో ఆమెకీ నాకూ మధ్య పెద్ద మాటల్లేవు. పోట్లాటలూ లేవు. ఆమె పొలం మనిషి, నేను కంపెనీ మనిషి. "మా కోడలికి సెరుక్కీ రెల్లుకీ తేడా తెలీదు" అనేది నలుగురిలో. అందులో అబద్ధమూ లేదు. అలాంటిది మూడు రోజులకోసారి రవిక వెనక్కి జార్చి నా ముందు కూర్చునేది. పాత పట్టీ ఊడదీసి, జిగురు వైపు లోపలికి మడిచి, తడిగుడ్డతో తుడిచి, ఆరాక కొత్తది అంటించి అరచెయ్యి అదిమి పెట్టేదాన్ని. అర నిమిషం చాలని చెప్పింది అక్సా. నేను ఇంకాస్తసేపు ఉంచేదాన్ని.

"నీ సెయ్యి సల్లగుంటాదే ధనా," అనేది అత్త అటు తిరిగే.

మార్గశిరంలో మాకు గానుగ వంతు వచ్చింది. ఊళ్ళో ఇప్పుడు గానుగ ఒక్కటే మిగిలింది, కన్నబాబుది. ఒక్కొక్క ఇంటికి పదేసి రోజులు ఇస్తాడు. కోసిన చెరకు నిలవ ఉంటే రసం పులుస్తుంది, బెల్లం నల్లబడుతుంది. అందుకని ఏ రోజుకా రోజు ఒక పెనానికి సరిపడా కోసి తోలుకోవాలి. వంతు తప్పితే మళ్ళీ ఎప్పటికి దొరుకుతుందో చెప్పలేం, ఈలోగా తోట ఎండిపోతుంది. మాకున్నది ముప్పై సెంట్ల తోట. కోయడానికి మనుషుల్లేరు. కత్తి పట్టే వయసున్న వాళ్ళంతా పొద్దున్నే కంపెనీ బస్సులెక్కుతున్నారు. వాళ్ళలో నేనూ ఒకదాన్ని.

"మనుషులు దొరికేరా బావా?" అని ఆదివారం అడిగాను.

"ఆ, సూసుకుంతన్నాను," అన్నాడు, మొహం అటు తిప్పుకుని.

సోమవారం నుంచి రోజూ మా చెరకు గానుగకి వెళ్తోంది. ఎవరో దొరికారనుకున్నాను. బుధవారం సాయంత్రం పట్టీ మారుస్తుంటే అత్త ముంజేతుల మీద సన్నటి గీతలు కనబడ్డాయి, బ్లేడుతో గీసినట్టు.

"ఇవేటత్తా?"

"పెరట్లో గెడ్డి పీకేనే."

పట్టీ అంచు లేచిపోయి ఉంది. దాని కింద చర్మం మెత్తగా నానినట్టుంది.

"చెమట పట్టిందా? ఈ చలిలోనా?"

"దుప్పటి నిండా కప్పుకుని తొంగున్నాను మరి."

మాట్లాడుతూ మాట్లాడుతూనే ఆమె కళ్ళు మూతలు పడ్డాయి. తల ఒక్కసారి ముందుకి తూగింది. మందు కదా, ఆ మాత్రం మత్తు ఉంటుందనుకున్నాను. కొత్త పట్టీ అంటించి, అంచులన్నీ బాగా ఒత్తాను, ఈసారి లేవకుండా.

గురువారం మూడుంపావుకి ఇంటికొచ్చేసరికి తలుపుకి గొళ్ళెం పెట్టి ఉంది. పక్కింటి కనకమహాలక్ష్మి వీధిలోంచి వస్తూ నన్ను చూసింది.

"మీ అత్త సేలోనే ఉండిపోయిందే. మీ ఆయన డూటీకెల్లిపోయేడు. నాను వచ్చీసినప్పుడు గట్టు మీద తొంగుంది. అలిసిపోయినట్టుంది, లేపలేదు."

"చేలోనా? చేలో ఏం పని?"

ఆమె నా వంక వింతగా చూసింది. "కోతకే. నాలుగు రోజులై కోత్తన్నాది గదా మీ ఆయన్తోటి. నీకు తెలీదేటి?"

మా చేను ఊరికి ఫర్లాంగు దూరం. ఎలా వెళ్ళానో గుర్తులేదు. తోటలో దాదాపు సగం నరికేసి ఉంది. ఆ ఖాళీ అంచున గట్టు మీద అత్త పక్కకి ఒరిగి పడుకుంది. మా ఆయన పాత స్వెట్టరు తొడుక్కుని, దాని మీద చొక్కా వేసుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని ఉంది. కత్తి పక్కనే ఉంది. చూడ్డానికి నిజంగా పని చేసి నిద్రపోతున్న మనిషిలాగే ఉంది. కనకాన్ని ఏమీ అనడానికి లేదు.

"అత్తా. అత్తా!"

కుదిపాను. గొంతులో చిన్న గురక వచ్చింది. ఆ తరువాత ఏమీ రాలేదు. పెదవులు నేరేడు పండు రంగులో ఉన్నాయి. గుండె మీద చెయ్యి వేసి, ఫోన్లో నిమిషం చూస్తూ లెక్కపెట్టాను. ఐదు. మళ్ళీ లెక్కపెట్టబోయి ఆగిపోయాను, ముందు పట్టీ పీకెయ్యమంది కదా అని. స్వెట్టరు కింద నుంచి చెయ్యి పోనిచ్చాను. బయట చల్లగాలి వీస్తోంది గానీ లోపల ఆ వీపు వెచ్చగా, చెమటకి జిగటగా ఉంది. నేను అంతలా ఒత్తి పెట్టిన పట్టీ ఊడి రావడానికి రెండుసార్లు గోరు పెట్టాల్సి వచ్చింది.

అక్సా మొదటి రింగుకే ఎత్తింది.

"ఆ చోటు నీళ్ళతో తుడిచెయ్. ఆ వెచ్చటి బట్టలు తీసెయ్. అంబులెన్సు కోసం చూడకు, ఏ బండి దొరికితే అది ఎక్కించు. అనకాపల్లిలో డాక్టరుతో నేను మాట్లాడతాను. ధనశ్రీ, విను. ఆమె ఊపిరి తీయడం మరిచిపోతుంది. నువ్వు గుర్తుచేస్తూ ఉండాలి. పీల్చు, పీల్చు అని చెబుతూనే ఉండు."

నా వెనకే పరిగెత్తుకొచ్చిన కనకం కేక వేస్తే, ఊళ్ళో ఆటో తోలే సత్తియ్య బండి తెచ్చాడు. వెనక సీట్లో అత్త తల నా భుజానికి ఆనించుకుని కూర్చున్నాను. కొత్తూరు దాటేదాకా, మెయిన్ రోడ్డు మీదా, రైలు గేటు దగ్గర ఆగినప్పుడూ, ఒక్కటే మాట.

"పీల్చు అత్తా."

పీల్చేది. నేను ఊరుకుంటే ఊరుకునేది. "పీల్చు" అంటే మళ్ళీ పీల్చేది. ఆరేళ్ళలో ఎన్నడూ నా మాట వినని మనిషి, ఆ ముప్పావు గంటా ఒక్కొక్క ఊపిరి నేను చెబితేనే తీసుకుంది. సత్తియ్య అద్దంలో మమ్మల్ని చూసి కళ్ళు తుడుచుకోవడం కనబడింది.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరమ్మ రెప్పలెత్తి టార్చి వేసి చూసింది. కనుపాపలు ఆవగింజంత ఉన్నాయి. సూది ఎక్కించింది. రెండు నిమిషాలు గడవలేదు, అత్త కళ్ళు తెరిచింది. నా ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే ఆమె నోరు తెరిచి అరిచింది.

ఆ అరుపు వార్డంతా వినబడింది. క్యాన్సరని తెలిసిన నాడు అరవలేదు, కుట్లు విప్పిన నాడు అరవలేదు. మందుని విరిచే సూది కాబట్టి, అంతకాలం అణిగి ఉన్న నొప్పంతా ఒక్కసారే తిరిగొచ్చిందని తరువాత చెప్పారు. నా చెయ్యి విరిగిపోయేలా పట్టుకుని, నన్ను గుర్తుపట్టి, "ఎందుకు లేపేవే నన్ను?" అంది.

రెండో చేత్తో ఆమె నొసటి చెమట తుడిచాను.

సాయంత్రం ఆరింటికి బావ వచ్చాడు. కంపెనీలో ఫోన్లు గేటు దగ్గరే పెట్టేస్తారు. కబురు అందేసరికి ఆ వేళైంది. ఒంటి మీద బాయిలర్ మసి అలాగే ఉంది. వరండాలో బెంచీ మీద కూర్చున్న నా ముందు నిలబడ్డాడు, నేరం చేసినవాడిలా.

"సలికాలం గదా అనుకున్నాను," అన్నాడు. "పొద్దున్నే మంచులో కోత. ఎండ ఎక్కకముందే అయిపోద్ది. గానుగ కాడికి అడుగు పెట్టనివ్వలేదు ధనా, మా అమ్మ మీదొట్టు. ఏడి తగలకూడదన్నావని సెరకు మొత్తం నేనే తోలేను. ఇయాల నేను డూటీకెల్తంటే, కాసేపు గట్టు మీద కూకుని ఇంటికెల్తానంది. తనే అంది, దానికి సెప్పకురా, అది కాగితాలు సదివే మనిషి, ఒప్పుకోదు అని. నొప్పి లేదు, నాకేటయ్యింది అని నాకంటే ముందు సాలు కోసుకుపోయేది. ఆ కోత సూత్తే..." ఆగాడు. "ఆ కోత సూత్తే మా అమ్మకి బాగైపోయిందనుకున్నాను."

అక్సా అప్పటికే వచ్చి ఉంది. ఆమె బావని కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది.

"బయటి వేడి ఒక్కటే కాదన్నా. ఒళ్ళు వంచి పని చేస్తే లోపల వేడి పుడుతుంది. ఆ వేడిని బయటికి పంపడానికి రక్తం చర్మం దగ్గరికి పరిగెత్తుకొస్తుంది. అక్కడ పట్టీలో మందు ఉంది. మెల్లగా తీసుకోవాల్సింది గబగబా లాగేసుకుంటుంది. పైగా స్వెట్టరు. చర్మం కింద ఇంకా నిలవుంటుంది, అందుకే పట్టీ తీసినా రేపటిదాకా చూడాలంటున్నారు."

"ఈ సంగతి ఎవులూ సెప్పలేదు మాకు," అన్నాడు బావ.

అక్సా తల దించుకుంది. "నేనే చెప్పాల్సింది. ఆ రోజు తొందరలో వేడి అని వదిలేశాను."

"కాగితంలో ఉంది బావా," అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు.

"ఎక్సర్‌సైజు చేయకూడదని ఉంది. నేను చదివాను. అత్తకి మాత్రం చదివి వినిపించలేదు."

బావ బెంచీ మీద నా పక్కకి జరిగాడు. ఆయన మసి చెయ్యి నా చేతి మీదకొచ్చింది. నాకు ఆ లైను తెలుసు, పని తెలియదు. ఆయనకి పని తెలుసు, లైను తెలియదు. ఒకే ఇంట్లో ఉంటూ ఆ రెండూ ఒక పూటైనా కలవలేదు.

శనివారం ఇంటికి తీసుకొచ్చాం. కన్నబాబు వచ్చి చూసి, ఏమీ అడగకుండానే మా మిగతా ఆరు రోజుల వంతు పది రోజుల తరువాతకి జరిపాడు. తరువాత వంతు వాళ్ళతో ఆయనే మాట్లాడుకున్నాడు.

మళ్ళీ పట్టీ వేసుకోవచ్చన్నారు డాక్టరు. పట్టీ తప్పు కాదు, విశ్రాంతిగా ఉంటే ఆ మోతాదే సరిపోతుందన్నారు. అత్త వద్దంది. బావ బతిమాలాడు, అక్సా బతిమాలింది. గోడ వైపు తిరిగి పడుకుని ఒకటే మాట.

"అది ఏత్తే నన్ను కూకోబెట్టీసినట్టే. నాకొద్దు. నొప్పితోనైనా కోత్తాను."

కోయడానికి లేవగలిగితే కదా. వాంతుల మాత్రతో కలిపి నొప్పి మాత్ర ఇస్తే సగం ఉండేది, సగం పోయేది. ఆ వారం ఆమె మంచం పట్టె వదల్లేదు. తోటని అలాగే వదిలేద్దామని బావ ఒకరోజు అన్నాడు. అత్త తల తిప్పి ఆయన వైపు చూసిన చూపుకి మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆదివారం మధ్యాహ్నం నన్ను పిలిచింది.

"ఆ కాగితం తే."

తెచ్చాను.

"సదువు. మొదట్నుంచి సివర్దాకా. ఒక్క ముక్క ఇడిసిపెట్టకుండా సదువు."

బావ గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. కింద చాప మీద కూర్చుని చదివాను. మందు పేరు, కంపెనీ పేరు, ఎంత చల్లటి చోట దాచాలో, పిల్లలకి అందకుండా ఎందుకుంచాలో, అన్నీ చదివాను. తెలుగు మాట దొరకని చోట ఆగి, ఆలోచించి చెప్పాను. అత్త కళ్ళు మూసుకుని వింది. మధ్యలో నొప్పి వచ్చినప్పుడు చెయ్యెత్తేది. ఆపేదాన్ని. చెయ్యి దించాక మళ్ళీ మొదలుపెట్టేదాన్ని.

ఆ లైను వచ్చింది.

"కఠినమైన ఎక్సర్‌సైజు చేయకూడదు. ఒళ్ళు వేడెక్కితే మందు ఎక్కువగా లోపలికి దిగి ప్రాణం మీదికి రావచ్చు."

"అంటే?"

"కసరత్తు. పరిగెత్తడం, బరువులెత్తడం. అలాంటివి."

"కోత అని రాయలేదా?"

"రాయలేదత్తా."

"ఊడుపు అని? నీల్లు మొయ్యడమని?"

"లేదు."

కళ్ళు తెరిచింది. "అయాల నువ్వు నవ్విన లైను ఇదేనా?"

తలూపాను.

"ఎందుకు సదవలేదు?"

"నువ్వు... నువ్వు అలాంటివి చెయ్యవు కదా అనుకున్నాను."

తిడుతుందని చూశాను. తిడితే తేలికయ్యేది. అత్త తన రెండు అరచేతులూ మొహం ముందు పెట్టుకుని, ఎవరివో అన్నట్టు తిప్పి తిప్పి చూసుకుంది.

"నాను సేసేది అది రాసినోళ్ళకీ తెలీదు, నీకూ తెలీదు," అంది. కోపం లేదు ఆ మాటలో. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. తరువాత, "మిగిలింది సదువు," అంది.

చివరిదాకా చదివాను. కాగితం మడుస్తుంటే అడిగింది.

"నానేసుకుని కూకుంతే, తోట ఎవులు కోత్తారు?"

"నేను కోస్తాను," అన్నాను. ఆ మాట అనబోతున్నానని నాకే తెలియదు.

బావ గుమ్మం దగ్గర నుంచి "నీకు కత్తి పట్టడమే రాదు ధనా" అన్నాడు.

అత్త నన్ను పైనుంచి కిందికి చూసింది. "వత్తాది," అంది. లేచి కూర్చుని, పట్టె పట్టుకుని, కాసేపు ఊపిరి తీసుకుని, రవిక వెనక్కి జార్చింది. "ఎయ్యి."

సోమవారం నుంచి ఆరు రోజులు సెలవు పెట్టాను. కొత్త పట్టీ మందు ఒంట్లో నిలదొక్కుకోడానికి ఒక రోజు పట్టింది. మంగళవారం పొద్దు కాస్త ఎక్కాక అత్తని సత్తియ్య ఆటోలో చేను దగ్గరికి తీసుకొచ్చాం. గట్టు మీద నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేశాం. స్వెట్టరు లేదు, పల్చటి శాలువా ఒక్కటే. గంటకోసారి నేను వెళ్ళి మెడ మీద చెయ్యి వేసి చూసేదాన్ని, ఒళ్ళు వెచ్చబడిందేమోనని. "ఎల్లు, ఎల్లు, పని సూసుకో," అని తోసేసేది.

మొదటి రోజు నేను నరికిన గెడలకి మోళ్ళు జానెడు ఎత్తున మిగిలాయి.

"కిందికి! ఇంకా కిందికి! తీపంతా మొదట్లోనే ఉంటాదే. దాన్ని భూమికిచ్చీసి ఆకు మాకిత్తన్నావు!" అని కుర్చీలోంచి కేక.

నడుం వంచాను. ఇంకా వంచాను. పది గెడలకే ఒళ్ళంతా చెమట. ఆ చలి పొద్దుట నా వీపు మీద నుంచి ధార కారుతుంటే అప్పుడు తెలిసింది నాకు ఆ లైనుకి అర్థం. అంత ఇంగ్లీషు చదివీ అర్థం కానిది, ఒక మోపు కోసేసరికి అర్థమైంది. కత్తి వదిలేసి ఒక్క నిమిషం చెరకు మధ్యలో అలాగే నిలబడ్డాను. బావ పక్క సాల్లోంచి ఒకసారి చూసి మళ్ళీ కోతకి వంగాడు.

కూర్చోవడం అత్తకి మా కోత కంటే కష్టమైంది. చేతులు ఒళ్ళో పెట్టుకునేది, తీసేది, శాలువా కుచ్చులు అల్లేది, విప్పేది. దారిన పోయే ఆడవాళ్ళు ఆగి పలకరించేవారు. అప్పలనర్సమ్మ కుర్చీలో కూర్చుని ఉండగా తోట కోత జరగడం వాళ్ళెవరూ చూడలేదు. మొదటి రెండు రోజులూ ఆమె మొహం తిప్పేసుకుంది. మూడో రోజు ఎవరో అడిగితే, "నా కోడలు కోత్తంది. నాను సూత్తన్నాను," అంది.

ఆదివారంతో తోట అయిపోయింది. చివర్లో మూల మీద ఒక దుబ్బు మిగిలింది, నాలుగైదు గెడలు. బావ మోపులు కడుతున్నాడు. నేను ఆ దుబ్బు దగ్గరికి వెళ్ళేసరికి అత్త కుర్చీలోంచి లేచి, నెమ్మదిగా అడుగులేసుకుంటూ వచ్చి నా పక్కన నిలబడింది. చెయ్యి చాచింది.

బావ "అమ్మా" అన్నాడు.

నేను కత్తి ఇచ్చాను.

వంగింది. ఒక గెడ మొదలు పట్టుకుని, మట్టికి తగిలీ తగలనట్టు, ఒకే ఒక్క దెబ్బ. శబ్దం కూడా పెద్దగా రాలేదు. గెడ వచ్చి ఆమె చేతిలో ఉంది, నేల మీద మోడు కనబడలేదు. మిగిలిన దుబ్బు వైపు చూసింది. ఆ చూపు చాలాసేపు అక్కడే ఉంది. ఆపకూడదనుకున్నాను.

కత్తి తిప్పి, పిడి వైపు నాకు అందించింది.

"సాల్లే," అని వెళ్ళి కుర్చీలో కూర్చుంది.

ఆ తరువాత అత్త నాలుగు నెలలుంది. మాఘంలో పట్టీ మోతాదు పెంచారు, ఫాల్గుణంలో ఇంకోసారి. నొప్పి ఎప్పుడూ పూర్తిగా పోలేదు గానీ, పిడికిళ్ళు బిగించుకుని పడుకోవలసిన అవసరం మళ్ళీ రాలేదు. అక్సా వచ్చినప్పుడల్లా తను చూసే మిగతా ఇళ్ళ గురించి చెప్పేది. ఏ ఇంటికెళ్ళినా ఇప్పుడు ముందు, "ఏం పని చేస్తావమ్మా నువ్వు?" అని అడిగి, ఆ తరువాతే పట్టీ తీస్తున్నానంది.

చైత్రంలో ఒక రాత్రి, అన్నాలు తిన్న వేళ, అత్త నిద్రలోనే పోయింది. బావ ఆమె కాళ్ళ దగ్గర ఉన్నాడు, నేను తల దగ్గర ఉన్నాను. మేమిద్దరం అప్పటికి ఒకే షిఫ్టులోకి మారి రెండు నెలలైంది.